మంచె ఎప్పుడు కట్టాలి

వైశాఖ పున్నమికి దుప్పుల లెక్క.
మాఘంలోనే మంచె కట్టమన్నాడు దాలినాయుడు.
"కొత్త ఎదురు వాసన పోడానికి మూడు నెల్లు బాబూ,
మన వాసన పోడానికి ఇంకా ఎక్కువ."

కంబాలకొండ, పడమటి గట్టు, నేరేడు చెట్టు.
"పగలు సముద్రం గాలి మన మొకానికి కొట్టాల.
రేత్రి గాలి తిరిగిందా,
మనమున్నామని కొండే చెప్పేస్తాది."

ఇదంతా ఎక్కడ నేర్చావని అడగలేదు.
కుడి బుజాన తుపాకీ తన్నిన గుంట
చొక్కా మీంచే తెలుస్తోంది.

పున్నమి రాత్రి, హార్బర్లో ఓడ కూసింది.
నీటి దగ్గర పదకొండు తలలు లేచి
మళ్ళీ వంగాయి.
పదకొండని రాశాను.
"పన్నెండెయ్యండి," అన్నాడు, "ఒకటి సూడిది."

అతని చూపుడువేలు
గాలిలో వంగింది వంగినట్టే
చాలాసేపు ఉండిపోయింది.