ఒక పల్లు తేడా

కొంరెల్లి తెచ్చిన క్యాంషాఫ్టు గోనెసంచిల ఉండె,
గ్రీజు కాయితం సుట్టి, పసిగుడ్డును దెచ్చినట్టు.
కంపెనీది కాదు. లూథియానాల ఎవలో కోసిన ఇనుము.
"భూపాలపల్లి బొగ్గెత్తుకొని పైకొస్తాంటే
మూడో గేరుల ఏడుస్తాంది బండి.
గిది ఏస్తే గుంజుతదన్నరు ఉస్తాద్."

సర్వర్ ఉస్తాద్ ఏమనలే.
క్యాం మీది గుబ్బల్ని బొటనేలుతో ఒక్కొక్కటే తడిమిండు,
ఏనుమాముల మార్కెట్ల
మిరపకాయను తొడిమె కాడ వొత్తి సూసే ఖరీదుదారు లెక్క.
"ఎత్తెక్కువుంది. సూద్దాం."

సంచిల వచ్చిన కొలతల కాయితం
వానకు నాని అంబలైంది.
ఏ వాల్వుకు ఎంత సందియ్యాల్నో
ఇగ బండే చెప్పాలె.

ఆటోనగర్ రేకుల కింద మూడు దినాలు.
రాడ్డేసి ఇంజన్ తిప్పుడు నా పని.
ఆరోదాని వాల్వులు రెండూ ఊగితే ఒకటోదాన్ని పట్టాలె,
రెండోది ఊగితే ఐదు, నాలుగోది ఊగితే మూడు.
బడిల ఏడో ఎక్కం కాడ ఆగిపోయినోన్ని,
ఈ లెక్క మాత్రం నిద్రల గూడ తప్ప.

ఫిల్లరు పత్తిని రాకరు కింద జొరగొట్టి అంటడు:
"గట్టిగ రావొద్దు. ఊకెనే రావొద్దు.
బీడికట్టల నుంచి ఒక్క బీడి గుంజినట్టు రావాలె."
నట్టు బిగిస్తే పత్తి ఇరుక్కుంటది.
వదులు. మళ్ళ బిగించు. మళ్ళ వదులు.

మొదటినాడు సెల్ఫు గొడితే తెల్లపొగ.
సైలెన్సరు దగ్గి దగ్గి ఊకున్నది.
"టైమింగుల ఒక పల్లు ఎనకవడ్డది."
ఫ్యాను ఇప్పి, రేడియేటరు దించి, ముందటి కవరు మళ్ళ ఊడదీసినం.
సూస్తే చుక్కకు చుక్క కలిసే ఉన్నది!
చుక్క పెట్టినోడే తప్పు పెట్టిండు.
ఉస్తాద్ ఆ చుక్కను ఆకురాయితో గీకి
పక్క పల్లు మీద తన చుక్క గొట్టిండు.

రెండోనాడు లేసింది.
లేసింది గని, డప్పుగొట్టెటోడు తాగొచ్చినట్టు
నడుమ నడుమ ఒక దెబ్బ మింగుతాంది.

ఉస్తాద్‌కు కుడిచెవు ఎన్నడో పోయింది.
ఎడమది ఈమధ్య పోతాంది, ఎవ్వలకు చెప్పలే.
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనిచ్చి
పిడిని పళ్ళతోని కరిసి కండ్లు మూసిండు.
దవడ బొక్కలతోని ఇంటాండు.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు కాడ ఆగలే.
"అన్ని బాగున్నయి. పొద్దుగాల ఇచ్చేద్దాం."

నాకు నాలుగోదాంట్ల ఇనొస్తాంది,
గోడ సందుల బల్లి పలికినట్టు.

ఆయన ముందటి పళ్ళు రెండు ఈ ఎండకాలమే ఊడినయి.
ఆ సందుల నుంచి జారిపోయిందో ఏమో
ఆ సప్పుడు.

కొంరెల్లి అంగి లోపలి జేబుల నుంచి
నోట్లు తీసి ఉమ్ము తడి జేసుకుంట లెక్కవెడుతుండు.
నేను పాత లుంగిగుడ్డతో చేతులు తుడిసిందే తుడిసిన.
నోరు లేవలే.

ఉస్తాద్ మగ్రిబ్ నమాజుకు పోయినంక
కాలుతున్న కవరు పట్టుకొని ఎత్తిన.
వేళ్ళ మీది బొబ్బలు రెండు వారాలున్నయి.

మూడోనాడు పొద్దుగాల
పిడిని మళ్ళ పళ్ళకిచ్చిండు. చానసేపు ఇన్నడు.
కవరు అంచున కొత్తగ తుడిసిన మెరుపును సూసిండు,
నా వేళ్ళను సూసిండు.
"ఎగ్జాస్టా?"
"ఆ."
"ఎంత?"
"బీడాకు మందం."
"సల్లగైనంక జెయ్యాలె గాడిద, ఉడుకు మీద కొలత అబద్ధమాడుతది."
అని మళ్ళ ఇప్పిచ్చి, నాతోనే మళ్ళ కొలిపిచ్చిండు.
బీడాకుల సగం తగ్గిచ్చిన.

నెల దాటినంక బండి షెడ్డు ముందటాగింది, రిపేరుకు కాదు, చాయకు.
ఊకె నిలవడితే ఇంకా అదే కుంటు, అదే మింగుడు.
"ఎత్తెట్లెక్కుతాంది?" అని ఉస్తాద్ గట్టిగ అడిగిండు,
చెవు లేనోళ్ళందరు గట్టిగనే అడుగుతరు.
"బొగ్గు నింపినంక అసలు కుంటదు" అన్నడు కొంరెల్లి.
ఉస్తాద్ నా దిక్కు తిరిగిండు,
ఏమన్నడని.