అక్షరానికి రూపాయిన్నర

అమలాపురం ఏరియా ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు,
పన్నెండో మంచం.
తలెత్తితే ఎదురుగోడ మీద నా చేతిరాత.

నీలం ఎనామిల్, తెల్ల అంచు:
'రోగి హక్కులు - బాధ్యతలు'
ఇరవయ్యేళ్ళ కిందట నిచ్చెనెక్కి రాశాను.
కింద మూలన ఇప్పటికీ ఉంది, చీమంత,
గన్నియ్య ఆర్ట్స్, ముమ్మిడివరం.

ఆ వారమే 'పులస దొరుకును' రాశాను,
'లాకుల వద్ద ఈదరాదు' రాశాను,
ఎరువుల కొట్టుకి అరటిగెల బొమ్మ వేశాను.
ఏదైనా ఒకటే నాకు.
తలకట్టు నిలబడిందా, ఒత్తు ఒదిగిందా,
అంతవరకే చూసేవాణ్ణి.
అర్థానికి వేరే కూలి ఎవడిస్తాడు?

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి.
నా నిచ్చెన కోళ్ళగూటికి కప్పయింది.
షుగరొచ్చింది. కాలి బొటనవేలు
తారుడబ్బాలో ముంచినట్టు నల్లబడింది.

పొద్దున దుప్పటి తీసి
సర్జనుగారూ డాక్టరమ్మా ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.
నా కాలు నన్నొదిలి
నాకు రాని భాషలోకి వెళ్ళిపోయింది.

తర్వాత కాగితం. "ఇక్కడ సంతకం పెట్టు తాతా."
రెండు పేజీలు.
నలభయ్యేళ్ళు అక్షరాల మీద బతికినవాడికి
ఒక్క అక్షరం కూడిరాలేదు.
పంక్తుల మధ్య ఎడం మాత్రం బాగుంది.

పెన్ను పట్టుకున్నాక గుర్తొచ్చింది.
ఆ రోజు కాంట్రాక్టరు ఇచ్చిన చీటీలో తొమ్మిది హక్కులు.
గోడ మీద ఎనిమిదికే చోటు, కింద స్విచ్చిబోర్డు అడ్డం.
"ఏదో ఒకటి ఎత్తెయ్ గన్నియ్యా, ఎవడు లెక్కెడతాడు?"
పొడుగ్గా ఉన్నదాన్ని ఎత్తేశాను.
యాభై రూపాయలు పోయాయని రెండ్రోజులు గొణుక్కున్నాను.

ఏదది?
ఎనిమిదీ కూడబలుక్కున్నాను.
మర్యాద ఉంది. గోప్యత ఉంది, యావత్తు కాస్త జారింది.
'ఉచితముగా' ఉంది. దాని కిందే నిలబడి
స్ట్రెచరు కుర్రాడు పక్కమంచం పెమ్మాడి పోలయ్య దగ్గర
రెండొందలు పుచ్చుకున్నాడు.
లేనిది ఒక్కటే.
'తనకు చేయబోవు చికిత్స, అందులోని ప్రమాదము
తనకు తెలిసిన భాషలో తెలుసుకొను హక్కు.'

నాది నేనే చెరిపేసుకున్నాను, రాయకుండానే.

"అమ్మా, కోసేది వేలా, పాదమా?
చదివి చెప్పండి. చెప్పాక పెడతాను, ఆయ్."
సర్జనుగారు గడియారం చూసుకున్నాడు.
డాక్టరమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.
ముందు వేలు. లోపల చీము పాకి ఉంటే సగం పాదం.
సగమంటే ఎక్కడికో
పెన్నుతో నా కాలి మీద గీత గీసి చూపించింది.
వంకరగా గీసింది. నేనేమీ అనలేదు.

తెలిశాక భయం తగ్గలేదు.
కాకపోతే ఇప్పుడది నా భయం.

లేస్తూ అడిగింది, "మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"
"వేసుకుంటున్నానమ్మా."

దీపాలు తగ్గించాక బోర్డు కుడివైపు చదివాను.
అటు చోటు మిగిలింది కాబట్టి బాధ్యతలు పెద్దక్షరాల్లో ఉన్నాయి.
మూడోది: 'వాడిన మందులు, అలవాట్లు దాచకుండా చెప్పవలెను.'
ఆ 'దా' పొట్ట ఎంత గుండ్రంగా కుదిరిందో అని
నిచ్చెన దిగి దూరం జరిగి మరీ చూసుకున్నాను అప్పట్లో.

రాత్రి రెండింటికి సెలైను మార్చడానికి సువార్త సిస్టరు వచ్చింది.
ముప్పై మంచాలకి ఒక్కతే. చెప్పులు వదిలేసి తిరుగుతోంది.
"సిస్టరుగారూ, రాసుకోండి.
ఏడు నెలలుగా మాత్రల్లేవు.
కాకరరసం తాగాను. సందేళ పావుసీసా మందు.
పొద్దున డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను."
ఆవిడ తిట్టలేదు. మంచానికి కట్టిన అట్ట మీద వంగి,
"మత్తిచ్చే ఆయనకి ఇది తెలియాలి" అంటూ
అబద్ధం అన్నది తప్ప అంతా రాసింది.

కాలవ మీద వాన పడుతున్న చప్పుడు.
స్విచ్చిబోర్డు ఎప్పుడో పక్కకి మార్చినట్టున్నారు.
ఎనిమిదోదాని కింద జానెడు గోడ ఖాళీ.

పాదం పోతే నిచ్చెన ఎక్కలేను.
ఆ జానెడుకి నిచ్చెనెందుకు, ముక్కాలిపీట చాలు.
ఊరికే రాస్తానని మాత్రం అనను.
పాత రేటే,
అక్షరానికి రూపాయిన్నర.