షాహీన్ ఒకటి

ముహర్రక్ రన్‌వే పొద్దుగాల నుంచి ఖాళీ.
ఆకాశాన్ని గూడ ఊడ్చి పెట్టినట్టున్నరు.
మేం ఎర్ర తివాచీ మీది ఇసుక దులుపుతున్నం,
గాలి మళ్ల తెచ్చి పోస్తున్నది.
దానికి సర్క్యులర్ అందలేదేమో.

వాకీటాకీల నేను టగ్గు నాలుగు.
షఫీకుల్ మెట్లబండి రెండు.
మా మీద వర్కీ సారు, ఆయన బేసు.
పదకొండేండ్లల్ల ఈ ఛానల్ మీద
గంగారాజం అన్న మాట ఎవ్వల నోటా రాలేదు.

పదిన్నరకు టవర్ గొంతు మెత్తబడ్డది:
"షాహీన్ ఒకటి, దిగవచ్చు."
బూడిదరంగు మిలటరీ విమానం, మొద్దు మూతి.
మొన్న జనరేటర్లు మోసుకొచ్చింది ఇదే.
మొన్న దీన్ని ఎవ్వలూ షాహీన్ అనలేదు.

"పేరు విమానానిది కాదు," అన్నడు వర్కీ సారు,
నోటికి చెయ్యి అడ్డం పెట్టి,
"లోపలి పెద్దమనిషిది.
ఆయన ఎక్కితే ఎక్కుతది. దిగితే దిగుతది."

నాకు బీడీల నర్సవ్వ యాదికొచ్చింది.
శిగమూగినప్పుడు
సర్పంచి గూడ ఆమె కాళ్లకు నీళ్లు పోస్తడు.
శిగం దిగినంక
జారిన కొప్పు ముడేసుకుంట అడుగుతది:
"నానబెట్టిన ఆకు ఎవలన్న చూసిన్రా?"

పెద్దమనిషి దిగిండు. పంతొమ్మిది కార్లు.
ఆఖరి తలుపు మూసుకున్న చప్పుడుకు
టవర్ గొంతు మళ్ల గరుకైంది:
"నాలుగు ఏడు ఒకటి రెండును దూరం బే కు గుంజుకపోండ్రి."
నేను కొక్కెం తగిలించిన.
ఎండల, పక్షవాతమొచ్చిన బర్రెను తోల్కపోయినట్టు,
రెండు నంబర్లం మెల్లగ పోయినం.
అద్దంల చూస్తే పైలట్ అరటిపండు తింటున్నడు.

ఆయన కోసం ఆపిన శంషాబాద్ విమానం
రాత్రి ఎప్పుడో లోడింగుకొచ్చింది.
బెల్టు మీద అట్టపెట్టెలు,
నైలాన్ తాళ్లు, టేపు మీద టేపు,
నాలుగు దిక్కులా నల్ల మార్కరు రాతలు.
"ఇంతగనం ఏం రాసిన్రు?" అన్నడు షఫీకుల్.

చదివిన.
కట్కం రాజనర్సు, మోరపెల్లి.
ఏనుగు మల్లేశం, సిరికొండ, పోస్టాఫీసు ఎదురుంగ.
ఒకదాని మీద పేరే లేదు.
హర్షిణి డాడీ, అని ఉన్నది,
ఫోన్ నంబర్ల ఆఖరి అంకె చెమటకు అలుక్కపోయింది.

నడుముకున్న వాకీటాకీ బటన్
పెట్టె అంచుకు ఒత్తుకపోయిందని
నాకు తెలువది.
టవర్ విన్నది. బేసు విన్నది.
"ఛానల్ మీద ఎవరు? ఏ విమానం?"

షఫీకుల్ ఇంకో పెట్టె నా దిక్కు తిప్పిండు.
"మరి ఇది?"