తూనికరాయి

రోడ్డు నది దగ్గర ఆగిపోయింది.
అవతల మళ్లీ మొదలవుతుందన్నారు.
మధ్యలో ఒక బల్లకట్టు, దాని మీద మూడు మేకలు,
చుట్టని పరుపొకటి, పరుపు మీద దాని ఆసామీ నిద్ర.
తాడు లాగే కుర్రాడి పేరు బుతూ.
నా పెట్టె చూసి "డబ్బా?" అని వేళ్లు రాసి అడిగాడు.
కాదు, బరువులు అన్నాను.
బరువుల్ని కూడా ఎవరైనా మోసుకు తిరుగుతారా అని
తాడు వదిలేసి మరీ నవ్వాడు.
బల్లకట్టు కాసేపు సముద్రం వైపు పోయింది.

మడగాస్కర్ తూర్పు అంచు.
వానకీ ఎండకీ ఒప్పందం కుదరని చోటు.
అంబోదిజిరోఫు అంటే లవంగచెట్టు మొదలు అట.
ముందు మొదలు కనిపించదు, వాసన తగులుతుంది.
చిన్నప్పుడు నా పిప్పిపన్నులో అమ్మ కుక్కిన ఆ ఒక్క మొగ్గే
ఇక్కడ ఊరంతా అయి
తారురోడ్డు మీద చాపలేసుకుని పడుకుంది.
లారీ వస్తే లారీయే తప్పుకుంటుంది.
కోడి వస్తే మాత్రం పిల్లలు లేస్తారు.

పూటకూళ్ల ఇంట్లో అన్నం తిన్నాక
అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి, మరిగించి,
గ్లాసులో తెచ్చిచ్చారు.
మాడిందని మా ఇంట్లో తిట్లు తినే అన్నం
ఇక్కడ దాహానికి మర్యాద.
రెండో గ్లాసు నేనే అడిగాను.

వచ్చిన పని, జౌజాఫి కొట్లో కాటా చూడటం.
రేకుల కప్పు, రెండేళ్ల కిందటి క్యాలెండరు,
గొలుసుకు వేలాడే ముసలి కాటా.
నా కిలో రాయి పెట్టాను.
ముల్లు తొమ్మిది వందల నలభై దాకా వచ్చి
అక్కడ మొహమాటపడింది.
తేమ, అన్నాడు జౌజాఫి.
ఉప్పుగాలి, అన్నాడు.
మా నాన్న కొన్న కాటా, అన్నాడు.
మూడూ నిజమే అయుండొచ్చు.
మర తిప్పి, సీసం ముద్ర వేశాను.
కోపం లేకుండా కాఫీ పోయించాడు.
చక్కెర మాత్రం చెంచా అంచు గీసి వేశాడు.

బుట్టలతో ఆడవాళ్లు వచ్చారు.
ఏం చేశావని ఎవరూ అడగలేదు.
ఇంటికి ఏడాదికి యాభై కిలోలు,
కిలోకి అరవై గ్రాములు,
అంటే మూడు కిలోలు.
ఎన్నేళ్లుగా?
ఆ లెక్క కూడా నది దగ్గర రోడ్డులాగే ఆగిపోయింది.
అవతల మొదలవుతుందని నాకు తెలుసు.

సువాజారా అనే ముసలావిడ ముల్లు వంక చూడలేదు.
నా ఇత్తడి కిలోని ఎడమచేతిలోకి తీసుకుంది,
తర్వాత కుడిచేతిలోకి.
కళ్లు మూసుకుని, పసిబిడ్డ జ్వరం చూసినట్టు చూసి
ఒక మాటంది.
ఎప్పుడొచ్చాడో బుతూ గుమ్మంలోంచి నాకు చెప్పాడు:
"తక్కువుంది అంటోంది."
నవ్వులు.
జౌజాఫి నవ్వే అందరికంటే పెద్దది.
నాది ఆఖరున వచ్చింది.

అమ్మకం అయ్యాక ఆవిడ నా దగ్గరికొచ్చి
చొక్కా జేబులో ఒక గుప్పెడు పోసింది.
తూచలేదు.
దాన్ని వాళ్ల భాషలో ఏమంటారో నేనడగలేదు,
కొసరు అనుకున్నాను.
కొన్నవాణ్ని కాదు కదా,
కొసరు నాకెందుకు?

నా రాయిని ఏటా రాజధానికి తీసుకెళ్లి
అద్దాల పెట్టెలోని పెద్దరాయి పక్కన నిలబెట్టాలి.
ఈ ఏడు గడువు దాటిపోయింది.
ఆ ఊళ్లో పనులున్నా
ఆ వీధి గుండా మాత్రం పోవటం లేదు.
చొక్కా మూడుసార్లు ఉతికాను.
వాసన పోలేదంటే అబద్ధం, పోయింది.
జేబు కుట్టులో ఒక మొగ్గ తల మాత్రం
గోటికి అందకుండా ఉండిపోయింది.

ఆ సాయంత్రం తిరుగు బల్లకట్టులో
మేకలు లేవు. పరుపు తడిసి ఉంది.
బుతూ నా పెట్టె అందుకుని,
కింద పెట్టేముందు
చేతిలో ఒకసారి ఊపి చూశాడు.
ఏమీ అనలేదు.
తాడు లాగటం మొదలుపెట్టాడు.