రేవు లెక్క

సోహార్‌ల సముద్రం మా క్యాంపుకు పన్నెండు కిలోమీటర్లే.
తొమ్మిదేండ్లల్ల హన్మాండ్లు దాన్ని చూసింది రెండుసార్లు,
క్రేన్ మీదికెల్లి, నీలం గీత లెక్క.
ఈ శుక్రవారం కంపెనీ వ్యాను తాళంచెవి నాకు దొరికింది.
ఎక్కుండ్రి, అన్న.

మెస్సుల కూర వండే నూకరాజు ముందు సీట్ల కూసున్నడు.
ఉప్పాడ మనిషి. వల ఇడిచి గరిటె పట్టినోడు.
మాకు సముద్రమంటే ఒక్కటే.
ఆయనకు ఊరికో తీరు, గంటకో గుణం.

మొదటి తీరం అద్దం లెక్కుంది.
ఇసుక మీద ఒక్క అడుగు గుర్తు లేదు.
"అబ్బ!" అన్నడు బషీరు, అంగీ గుండీలు ఇప్పుకుంట.
"అందుకే వద్దంటున్నానండి. మనిషి తిరగని రేవు.
కేకేస్తే కాకి కూడా రాదు. పోనివ్వండి."

రెండోది ఇంకా సక్కగుంది.
అటు నురగ, ఇటు నురగ,
నడుమ ఒక బాట, అల లేకుంట, నల్లగ, నిమ్మలంగ.
గాడికే పోదామన్న నేను.
నాకు ఈత వచ్చు. మా మోటబావిల నేర్చిన.
ఎనిమిదేండ్లప్పుడు నడుముకు ఎండు బెండ్లు కట్టి
మామ తోసేసిండు.

నూకరాజు నా దిక్కు చూసిండు,
ఉప్పు మరిచిన చారును చూసినట్టు.
"బావికి గోడుంటదండి. ఎటెళ్ళినా చెయ్యి తగులుద్ది.
అదిగో, ఆ నిమ్మళంగా ఉన్నదే,
వచ్చిన నీళ్ళన్నీ తిరిగెళ్ళిపోయే గుమ్మం అది.
విరిగే అల మనిషిని ఒడ్డుకేస్తది.
విరగని నీరు పట్టుకుపోద్ది.
పట్టుకుపోతే ఒడ్డుకేసి ఎదురీదకండి,
పక్కకి ఈదండి, అది వదిలేదాకా."

ఎల్లాగౌడ్ ఎనక సీట్లకెల్లి గొణిగిండు:
పిల్లను చూడవోయినట్టుంది,
ఒక్కటీ నచ్చుతలేదు ఈయనకు.

మూడోది చూసి మాకు ఏడుపొచ్చింది.
ఎండబోసిన కవళ్ళ వాసన, పక్కకు ఒరిగిన పడవ,
ఒక చాయ్ దుకాణం, వల కుట్టుకుంట ఒక ముసలాయన.
మోకాటిలోతుల నలుగురు పిలగాండ్లు
పాత టైరు ట్యూబు కోసం కొట్లాడుకుంటున్నరు.
నూకరాజు చెప్పులు ఇడిచిండు.
ముసలాయన పక్కన కూసొని
వచ్చీరాని అరబ్బీల, మాటలు తక్కువ, చేతులెక్కువ,
పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో అడిగిండు.
వలల తెగిన కన్ను ఒకటి తనే కుట్టి లేచిండు.

"ఇక్కడ దిగండి. అడుగు ఎత్తి వెయ్యకండి, ఈడ్చండి.
ఇసకలో టేకు చేప పడుకునుంటది.
తొక్కితే ముల్లు. తగిలితే తనే తప్పుకుపోద్ది."

గట్ల ఐదుగురం, తొంభై ఏండ్ల ముసలోళ్ళ లెక్క
కాళ్ళీడ్చుకుంట సముద్రంలకు నడిచినం.

హన్మాండ్లు ఒక చుక్క నాలికెకు పెట్టుకొని
"నిజంగనే ఉప్పగుందిరా" అన్నడు,
తొమ్మిదేండ్ల అనుమానం తీరినట్టు.
రాజనర్సు లుంగీల గాలి నిండి బుడగయింది,
పిలగాండ్లు ట్యూబు ఇడిచిపెట్టి దానెంట వడ్డరు.
బషీరు బోర్లవడ్డడు. లేచిండు. మళ్ళ పడ్డడు, ఇష్టంగ.

నూకరాజు నీళ్ళల్లకు రాలే.
తడి ఇసుక అంచున గొంతుక కూసొని వేళ్ళు మడుస్తుండు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.
మళ్ళ మొదటికెల్లి.
నీ సుట్టాన్ని పలకరియ్యవా, అని అడిగిన.
"మా వీధి మింగిందండి. పక్క వీధి కూడా.
బాకీ ఉన్నోళ్ళతో పలకరింపులేంటి" అన్నడు,
కండ్లు మా తలల మీదికెల్లి తియ్యకుంట.

మగ్రిబ్ అజాన్ వినవడంగనే బయటికి పిలిచిండు.
చీకట్ల నీళ్ళు అబద్ధాలాడుతయట.
డబ్బా నీళ్ళతోని ఉప్పు కడుక్కొని,
చాయ్ తాగి, వ్యాను ఎక్కినం.

తలుపు కాడ మళ్ళ లెక్క. ఐదు.
ఇంకోసారి. ఐదే.
"ఆరుగురం కదండీ వచ్చాం!"
మొఖం తెల్లవడ్డది. నీళ్ళ దిక్కు ఉరికిండు,
చెప్పులు ఆడనే ఇడిచి.

నవ్వు ఎవ్వనికీ రాలే.
హన్మాండ్లు దిగి, రెక్క పట్టుకొని ఆయన్ను తెచ్చి
ముందు సీట్ల కూసోబెట్టిండు.
నెత్తి మీద అరచెయ్యి ఆనిచ్చి, గట్టిగ అన్నడు:
"ఆరు."