మూడు సందుల అవతల

నెలకోసారి, జీతం పడిన శుక్రవారం రాత్రి,
మా ఇంటికి మూడు సందుల అవతల
నేనూ హినేస్ భోజనానికి వెళతాం.
ఆయనది ఇస్త్రీ చొక్కా.
నా గోళ్ళ కింద ఇంకా ఆకుపచ్చ మరక,
ఎంత రుద్దినా పోదు, మొండి బాకీలా.

అగిలాస్‌లో నవంబరు.
టూరిస్టులు గొడుగులు మడుచుకుని వెళ్ళిపోయారు.
సముద్రం మళ్ళీ మాది.
గాలీ మాదే, దాన్నెవరూ పట్టుకుపోరు కనక.

గుమ్మంలోనే ఎదురయ్యాడు చేపల పస్కువాల్.
"సంగ్రియాకా? టూరిస్టుల తాగుడు గదయ్యా అది!"
"ఇవాళ మేమూ టూరిస్టులమే," అన్నాడు హినేస్,
"చాలా దూరం నుంచి వచ్చాం. మూడు సందులు."

కూజా వచ్చింది.
మూతి దగ్గర పెచ్చు ఊడిన మట్టి కూజా,
లోపల ఎర్రటి చీకటి.
నారింజ చక్రాలు, పీచ్ ముక్కలు, ఒక దాల్చినచెక్క
ఈత రానివాళ్ళలా ఒకదాన్నొకటి పట్టుకుని తేలుతున్నాయి.
వంచేటప్పుడు పండ్లు జారకుండా
చెక్కగరిటె అడ్డం పెట్టడం ఒక విద్య.
హినేస్‌కి రాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రాదు.
బల్లగుడ్డ మీద ప్రతిసారీ ఒక ఎర్ర ద్వీపం.

మొదటి గుక్క తియ్యగా మోసం చేస్తుంది.
రెండోది నిజం ఒప్పుకుంటుంది.
మూడో గుక్కకి నడుం సంగతి గుర్తుండదు.

నడుం సంగతి చెప్పాలి.
పొద్దున ఆరింటి నుంచి కదిలే బెల్టు ముందు నిలబడి
లెట్యూస్ గడ్డల పైఆకులు ఒలుస్తాను,
నిమిషానికి పద్దెనిమిది.
ఎవరెవరి పళ్ళాల్లోకో పోతాయవి,
ఎక్కడో ఉత్తరాన, చలిదేశాల్లో.
ఊరి పేర్లు పెట్టెల మీద ఉంటాయి, నాకు నోరు తిరగవు.
తినేవాళ్ళలో ఒక్కరూ
"నువ్వేం తిన్నావ్?" అని కబురంపలేదు.
అంపుతారని కాదు.
కానీ ఇక్కడ, ఫుయెన్సాంత
చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి
"ఏం తింటావ్, కాసిల్దా?" అంటుంది.
అంతే.
ఆ ఒక్క ప్రశ్నకే సగం బిల్లు కట్టెయ్యొచ్చు.

వెల్లుల్లి నూనెలో రొయ్యలు తెచ్చింది, ఇంకా చిటపటలాడుతూనే.
బంగాళాదుంపల అట్టు, మధ్యలో కొంచెం పచ్చిగా, నాకు నచ్చినట్టు.
బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్ ధర చూసి
హినేస్ కాసేపు చదువురానివాడయ్యాడు.
తర్వాత "తెచ్చెయ్" అన్నాడు, గొంతు సవరించుకుని.

నాకు కూర్చోవడం చాతకాదు.
తినడం అవగానే పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తాను,
ముల్లు గిన్నెలోకి, తుడుపుగుడ్డ మూలకి.
ఫుయెన్సాంత వచ్చి నా చేతి మీద ఒక్కటేసింది:
"చేతులు ఒళ్ళో పెట్టుకో. నా ఉద్యోగం తీసేస్తావా?"
తొమ్మిదేళ్ళు నా పక్కనే ఒలిచింది ఆమె.
మణికట్టు పోయింది, బెల్టు ఆగలేదు.
ఇప్పుడు ఎడమచేత్తో ఐదు పళ్ళాలు మోస్తుంది,
కుడిచేతిని జేబులో దాచుకుని, అదేదో చుట్టమైనట్టు.

పదకొండు దాటింది.
కుర్చీలు బల్లల మీద తలకిందులుగా ఎక్కాయి, మావి తప్ప.
వంటింట్లో ఎవరో పెనం గీకుతున్నారు.
ఫుయెన్సాంత స్తంభానికి ఆనుకుని
ఒక చెప్పులోంచి మడమ బయటికి తీసింది, అంతే, పూర్తిగా కాదు.

నేను లేచాను.
అల్మరాలోంచి మూడో గ్లాసు తెచ్చాను.
ఒక కుర్చీని కిందికి దించి, కాళ్ళ మీద నిలబెట్టి,
"ఏం తాగుతావ్, ఫుయెన్సాంతా?" అన్నాను.
ఆమె నవ్వబోయి ఆగింది.
నిజంగానే ఆలోచించింది,
జాబితా అంతా కంఠస్థం వచ్చిన మనిషి.
"ముందు కూర్చోనీ," అంది.

కూజా వంచాను. చెక్కగరిటె అడ్డం పెట్టలేదు.
అడుగున రెండే పీచ్ ముక్కలు మిగిలాయి,
రాత్రంతా నానినవి, బరువెక్కినవి.
ఒకటి ఆమె గ్లాసులో, ఒకటి నా గ్లాసులో పడ్డాయి.
హినేస్ తన ఖాళీ గ్లాసుని కాసేపు తిప్పి
"నాకు పీచ్ పడదు," అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో
ఆ మాట వినడం ఇదే మొదలు.