అక్షరానికి ఇంతని

"అక్షరానికి తొమ్మిది వందలు" అన్నాడు క్వాషీ,
కనుబొమల మీది రాతిపొడి దులుపుకుంటూ.
న్యూ ఆమ్‌స్టర్‌డాంలో పాత ఫెర్రీ రేవు వెనక
రేకుల పంచలో ఆయన దుకాణం.
మూలన సగం చెక్కిన దేవదూత, చేతులింకా రాలేదు.
"పేరు చెప్పమ్మా, లెక్క కడతాను."

బిస్నాథ్ వరకూ పేచీ లేదు.
ఇంటిపేరు దగ్గర ఆగిపోయాను.

ఏత్వారూ.
పెద్దనాన్న పుట్టిన కాగితంలో చివర రెండు సున్నాలు.
పింఛను పుస్తకంలో వాటి బదులు ఒక గుర్రపునాడా.
కోరెన్‌టైన్ నది మీద అరగంట పడవలో పోతే
నికేరీలో మా చిన్నతాత మనవలు,
డచ్చి బడిలో చదివినవాళ్లు,
రెండో సున్నా తీసేసి అక్కడో కొక్కెం తగిలించారు.
ట్రినిడాడ్‌లో మొదటి అక్షరమే వేరు.
టొరంటోలో మా చెల్లెలు కౌసిల్లా
ఫోను పుస్తకంలో పదకొండుమందిని పట్టుకుని
మంచు కురిసే ఓ సాయంత్రం వరసగా పలకరించింది.
ఇద్దరు ఏదో అమ్మొచ్చిందనుకుని పెట్టేశారు.
ఒకావిడ మాత్రం ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు.

మొదటివాడు ఒక్క పేరుతోనే ఓడెక్కాడు.
కలకత్తా డిపోలో గుమాస్తా అడిగితే చెప్పాడు.
వాళ్లమ్మ ఆదివారం నాడు కన్నది, అంతే.
ఇంటిపేరుకి ఇల్లంటూ ఉండాలిగా!
ఎస్టేటు కొట్టంలో ఏడో గది, అదీ ఎస్టేటుదే.
అందుకని పిల్లలకి రోజు పేరే ఇంటిపేరైంది.

కౌసిల్లా మొగుడు ఒకసారి
ఓడ పాసు మీది ఊరిపేరు పట్టుకుని బక్సర్ దాకా వెళ్లాడు.
అక్కడ అది ఇంటిపేరు కానేకాదట.
సైకిళ్లు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడట ఆ పేరుతో.
"మీ ఇంట్లో అందరూ ఆదివారమే పుట్టారా?" అని
దగ్గొచ్చేదాకా నవ్వి, టీ పోయించాడట.

ఇంటిపేరు ఆదివారం,
ఇంట్లో ఏడురోజులూ పనే.
పెద్దనాన్న తూము కాపలాదారు, ముప్ఫై ఒక్క ఏళ్లు.
సముద్రం కన్నా కిందున్న నేల మాది.
ఆటుకి తలుపెత్తాలి, పోటుకి దించాలి,
పోటుకి వారం వర్జ్యం లేదు.
అర్ధరాత్రి లాంతరుతో గట్టెక్కే ఆ మనిషిని చూసి
కుక్కలు మొరగడం కూడా మానేశాయి.
ఆయన పుట్టింది గురువారం.
పోయింది మంగళవారం, తలుపు దించాకే.

ఇదంతా క్వాషీకి ఎందుకు చెప్పానో తెలీదు.
ఆయన ఉలి పక్కన పెట్టాడు.
"ఆదివారమా? మాదీ అదే."

ఆయన ముత్తాతల ముత్తాత
మా ఓడ కన్నా ముందెప్పుడో వచ్చిన ఓడలో,
ఆఫ్రికా తీరంలో ఏదో కోట చీకట్లోంచి, గొలుసులతో.
వాళ్ల భాషలో ఆదివారం పుట్టిన మగబిడ్డకి
ఆ పేరు ఎవరూ వెతికి పెట్టక్కర్లేదట.
దొరలు తర్వాత దాన్నే తిట్టు చేశారట.
చెప్పినట్టు విననివాడల్లా క్వాషీ, నవ్వులాటకి క్వాషీ.
"మా నాన్న మార్చుకోమన్నాడు.
నేను బోర్డు మీద మూరెడు పొడుగున రాయించాను."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
వాళ్లు తవ్విన కాలువకే
పెద్దనాన్న తలుపెత్తింది, ముప్ఫై ఒక్క ఏళ్లూ.

"ఇంతకీ ఎలా చెక్కను?" పెన్సిలు తీశాడు.
గుర్రపునాడా అయితే ఒక అక్షరం తగ్గుతుంది, తొమ్మిది వందలు మిగులు.
రెండు సున్నాలే పెట్టమన్నాను.
"ఒకటి నా లెక్కలో" అన్నాడు.
"ఆదివారం వారం కదా మనం,
సున్నాకి డబ్బేం పుచ్చుకుంటాను."

సీసా మూత రాతి మీద ఆనించి
చుట్టూ రెండుసార్లు గీశాడు.
రెండోది కాస్త పక్కకి జరిగింది.
చెరపబోతే, వద్దన్నాను.